లావు వైపు ముందుకి

అదేం న్యాయం పెద్దమ్మా, నువ్వే చెప్పు. కన్నకొడుకు చెప్పాల్సిన మాట, కోడలు చెప్పాల్సిన మాట, దారిన పోయే లారీవాడి నోటితో చెప్పిస్తారా ఎవరైనా? మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున్నే తయారై, తలుపు దగ్గరగా వేసి, "అన్నా, అమ్మకి నువ్వంటే గురి, నువ్వే కాస్త నచ్చజెప్పు" అని నా నెత్తిన పడేసి చక్కా పోయారు. నచ్చజెప్పడానికి నేనేమన్నా ప్లీడర్నా?

అలా గుడ్లురిమి చూడకు. చెప్తాను, చెప్పకుండా ఎక్కడికి పోతాను? పోవడానికి దారే ఉంటే ఈ గొడవే లేదు. ఉండు, ఈ గొలుసు మీంచి కాలు తీసి సరిగ్గా కూచోనీ. నీ కిటికీకీ నా ట్రైలరుకీ మధ్య ఉన్నది జానెడు చోటు. నా మోకాళ్లూ నీ చెంచా చప్పుడూ మన కబుర్లూ అన్నీ అందులోనే ఇరుక్కోవాలి.

నాన్చితే నాకే మంచిది కాదు, వినేయి. ఈ గది పడగొడతారట. ఇదే, నువ్వు పడుకున్న గదే. రేపు పొద్దున ఆఫీసరు వస్తాడు. ఇల్లు నీ పేరు మీదుంది కాబట్టి నిన్నే అడుగుతాడు. నువ్వు ఊ అంటే మనుషులు గునపాలతో దిగుతారు, ఈ గోడ పోతుంది, నా బండి మలుపు తిరుగుతుంది. నువ్వు ఊహూ అన్నావనుకో, ఎవరూ ఏం చెయ్యలేరు. నీ గదిలో నువ్వు, నా బండి మీద నేను, ఇద్దరం ఇలాగే.

కొట్టకు, కొట్టకు. అప్పుడే ఏదీ చెప్పకు. ఒక దెబ్బంటే ఊ, రెండు దెబ్బలంటే ఊహూ అని మనిద్దరికీ ఒప్పందమే, కాదనను. కానీ ముందు మొత్తం విను. విన్నాక కొట్టు. కోపమొస్తే ఆ చెంచాతో కిటికీ ఊచ మీద కాదు, నా బుర్ర మీదే కొట్టు.

నీకు మంచం మీంచి కనపడదు గానీ, బయట వీధి వీధంతా నా మీద కత్తులు నూరుతోంది. ఈ బండి అడ్డంగా ఉండేసరికి నీళ్ల ట్యాంకరు రావడం లేదు. స్కూలు బస్సు సందు మొదట్లోనే ఆగిపోతోంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నా గొలుసుల మీంచి ఎక్కి దిగుతున్నారు. మొదట్లో సరదా పడ్డారులే. ఇంత పెద్ద డ్రమ్ము ఎక్కడిది, ఇన్ని చక్రాలేంటి అని పిల్లల్ని ముందు నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఇప్పుడు నేను ఎదురైతే మొహం తిప్పేసుకుంటున్నారు. టీ కొట్టాయన కూడా గ్లాసు చేతికివ్వడు, బల్ల మీద టక్కున పెడతాడు.

నిన్న సాయంత్రం అందరూ కలిసి మీవాణ్ణి నిలేశారు. ఒక్క గది కోసం ఇంతమందిమి అవస్థ పడాలా అన్నారు. నేను ఆ పక్కనే చక్రం కింద దిమ్మ సర్దుతున్నాను, అన్నీ విన్నాను. పాపం, వాడు మెతక మనిషి కదా పెద్దమ్మా. తల వంచుకుని చెప్పుతో నేల గీకుతూ నిలబడ్డాడు. కోడలే రెండు మాటలంది, మా అత్తగారు మంచం మీంచి లేవలేరు, ఎక్కడికి పొమ్మంటారు అని. ఆ పిల్లని నువ్వు ఊరికే అపార్థం చేసుకుంటావు గానీ, నిన్న నీ తరఫున మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

మరి తప్పెవరిదంటావా? అదే చెప్పలేక చస్తున్నాను. ఎవరో ఒకడిదైతే వాడి గల్లా పట్టుకుందును.

ఈ డ్రమ్ముంది చూశావా, సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్లు వేసి పిండి చేసేది, ఇది రెండు చివర్లా ఒకేలా ఉండదు. ఒక వైపు సన్నం, ఒక వైపు లావు. లావు వైపు చుట్టూ పళ్ల చక్రం బిగించి ఉంటుంది, బరువంతా అక్కడే. ఇంత పెద్ద సరుకు కదిలే ముందు కంపెనీవాళ్లు ఒక ముసలాయన్ని పంపి దారి కొలిపిస్తారు. ప్రతి వంతెన, ప్రతి కరెంటు తీగ, ప్రతి మలుపూ టేపు పెట్టి కొలుస్తాడాయన. నీ గది మూల మీద సుద్దముక్కతో గీసిన గీత ఆయనదే. ఆయన కొలత తప్పని నేనననమ్మా. ఇప్పటికీ ఆ గీతకి వెంట్రుకవాసి తేడా లేదు.

అయితే ఆయన లావు వైపు బండి తోకకి ఉంటుందని లెక్కేసుకున్నాడు. ఆయన పద్ధతి అది. ఎందుకంటే మా బండికి ముందు నేను నడిపితే, వెనక చక్రాలు తిప్పడానికి వేరే మనిషుంటాడు. అదే, ఆ మీసాలాయన, నువ్వు చూసి నవ్వుతావే, తోక డ్రైవరు. లావు వైపు తోకలో ఉంటే, ఆయన వెనక చక్రాల్ని అవతలి ఖాళీ స్థలంలోకి తిప్పి, ఆ లావంతా నీ గోడకి దూరంగా లాక్కుపోయేవాడు. నీ గోడ మీద సున్నం కూడా రాలేది కాదు.

మేం సరుకు ఎక్కించేవాళ్లం ఏం చేస్తాం? బరువు వైపు ఎప్పుడూ క్యాబిన్ వైపే పెడతాం. మా గురువు నాకు అలాగే నేర్పాడు, ఆయనకి ఆయన గురువు అలాగే నేర్పాడు. బరువు తోకలో పడితే ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముందు భాగం తేలిపోతుంది, స్టీరింగు మాట వినదు. మనుషులు పోతారు. అందుకని లావు వైపు ముందుకి, సన్నం వైపు వెనక్కి, గొలుసులు వేశాం, బిగించాం, బయల్దేరాం. ఆయన మమ్మల్ని అడగలేదు. మేం ఆయన్ని అడగలేదు. ఎవడికి వాడికి అది అడగాల్సిన సంగతే అనిపించలేదు. అన్నం నోటితో తింటావా అని ఎవరైనా అడుగుతారా చెప్పు?

ఇక్కడికొచ్చి మలుపు తిప్పబోతే లావు వైపు సరిగ్గా నీ గది కడుపులోకి వస్తోంది. క్యాబిన్ వెనకే ఉన్న బరువుని తోకాయన ఎంత తిప్పినా పక్కకి జరపలేడు. సరే, వెనక్కి పోదామంటే, మేం దాటిన కల్వర్టు ఆ బరువుకి కుంగి కూచుంది. దాని మీద ఇప్పుడు సైకిలు పోతే గొప్ప. డ్రమ్ముని పైకి లేపి తిప్పి పెడదామంటే క్రేను ఆ కల్వర్టు దాటి రావాలి. జాకీల మీద లేపుదామంటే ఈ రోడ్డు కింద మురుగు కాలువ. ఒకటి పెట్టి చూశాం, జాకీ నా కళ్ల ముందే చల్లగా నేలలోకి దిగిపోయింది. ఆ రోజు నీ మంచం కూడా కదిలిందా అంటే ఒక దెబ్బ కొట్టావు కదా, అదే.

ఇన్ని బుర్రలున్నాయి, ఇన్ని మిషన్లున్నాయి. అందరూ వచ్చి, చుట్టూ తిరిగి, తలలు గోక్కుని, చివరికి చూపు తిప్పేది నీ గది వైపే.

నీళ్లు తాగుతావా? ఒద్దా. సరే.

నేను బండి వదిలేసి పోవచ్చు కదా అనుకుంటున్నావేమో. మీసాలాయన అప్పుడప్పుడూ ఇంటికెళ్లి వస్తున్నాడు, నువ్వెందుకు పోవని ఒకసారి చెయ్యి తిప్పి అడిగావు గుర్తుందా? మాలో ఒక కట్టుబాటుంది పెద్దమ్మా. గొలుసు ఎవడు కట్టాడో వాడే విప్పాలి. అందాకా సరుకు వాడి మెడకి వేలాడుతున్నట్టే. రోజూ నేను రాడ్డు పెట్టి గొలుసుల్ని కొడుతుంటాను చూడు, నీకు నిద్ర పాడవుతుంటుంది, అది ఊసుపోక కాదు. బిగువుగా ఉన్న గొలుసు గణగణమంటుంది. సడలిందంటే చచ్చు మోత మోగుతుంది. ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, కింద పెట్టిన దిమ్మలు వానకి ఉబ్బుతాయి. రెండుపూటలా విని బిగించకపోతే ఈ డ్రమ్ము మెల్లగా నీ వైపే దొర్లుతుంది. ఇంకెవరి వైపూ కాదు, రోడ్డు వాలు నీ వైపే ఉంది. ఇంకొకడికి అప్పగించి పోదామంటే వాడికి నా గొలుసు మోత తెలీదు.

మా ఆవిడ మొదట్లో రోజూ ఫోన్లో ఏడ్చేది. తర్వాత తిట్టేది. ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది, తిన్నావా, సరే, పడుకో, అని పెట్టేస్తోంది. తిట్టినన్నాళ్లూ ధైర్యంగా ఉండేది నాకు. నువ్వు ఊ అంటే రేపు సాయంత్రానికి ఫ్యాక్టరీ, ఎల్లుండికి ఇల్లు. ఆ మాట నిన్న విన్నప్పుడు నా గుండె ఒక్క క్షణం ఎగిరింది, అబద్ధం ఎందుకాడాలి? వెంటనే నీ గది గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డాను గానీ, ఎగిరిన మాట నిజమే.

చూడు, ఆ అద్దం కాస్త వంగినట్టుంది. కనపడుతోందా వీధి? ఉండు, తీగ బిగిస్తాను. నా బండి నీ వెలుతురంతా మింగేసిందని ఆ పాత సైడు అద్దం కట్టి పెట్టాను గానీ, అద్దంలో చూసే వీధి ఒక వీధా? ఎన్నేళ్లు కూచున్నావు నువ్వీ కిటికీ దగ్గర, కుట్టుమిషను తొక్కుతూ. వీధిలో అందరి కొలతలూ నీకు నోటికొచ్చట కదా. టీ కొట్టాయన పెళ్లి చొక్కా కూడా నువ్వే కుట్టావట. నిన్న మీవాణ్ణి నిలేసినవాళ్లలో సగం మంది నీ చేతి బట్టలు తొడుక్కుని పెరిగినవాళ్లే అని కోడలు చెప్పింది. చెప్పి కళ్లు తుడుచుకుంది.

నా టార్పాలిను చిరిగితే నేను దబ్బనంతో కుడుతుంటే, టక్ టక్, రెండు దెబ్బలు. విప్పి మళ్లీ కుడితే మళ్లీ టక్ టక్. అబ్బ, ఎంత సతాయించావమ్మా ఆ రోజు. దారం ఎక్కడ మడవాలో, ఎంత దూరానికి పొడవాలో అంతా ఆ చెంచాతోనే చెప్పావు. ఆఖరికి ఒక్క దెబ్బ కొట్టినప్పుడు నేను పరీక్ష పాసైనంత సంబరపడ్డాను. ఆ కుట్టు ఇంతవరకూ ఊడలేదు. నోట మాట పడిపోయిన మనిషి దగ్గర నేను మాట పడ్డానని మీసాలాయన ఒకటే నవ్వు.

అసలు సంగతికొస్తాను. నిన్ను ఎక్కడికి తీసుకెళ్తారంటే, కోడలి అక్క ఇంటికి. మంచి మనుషులే, గది ఇస్తామన్నారు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నిన్న మీవాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఆ మెట్లు చూపించాడు. ఎందుకంటే, నిన్ను పైకి చేర్చే పని కూడా నాకే అప్పగించారు మరి. ఇంత డ్రమ్ముని కట్టి తెచ్చినవాడివి, మా అమ్మ నీకో లెక్కా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నేనూ నవ్వాను.

కొలిచాను. మంచం తిరగదు, మెట్ల మలుపు ఇరుకు. కుర్చీలో అయితే తిరుగుతావు. చేతుల కుర్చీ ఒకటి చూసి పెట్టాను. నడుముకి ఒక బెల్టు, ఛాతీ మీద ఒకటి, పాదాలకి ఒకటి. లారీ బెల్టులే గానీ కింద దుప్పటి మడతేసి పెడతాను, ఒరుసుకోదు. చెయ్యీ కాలూ పడిపోయిన వైపు నేనుంటాను, ఇటు మీసాలాయన. కంగారు పడకు, ఒక్క కుదుపు రానివ్వను. ఈ పని మాత్రం నాకు బాగా వచ్చు.

పైన కిటికీ ఉంది. చూశాను. ఎదురుగా ఇంకో మేడ గోడ ఉంది.

ఇంకో మాట కూడా చెప్పమన్నాడు మీవాడు. నా బండి దాటిపోగానే కంపెనీవాళ్లు ఈ గది మళ్లీ కట్టిస్తారట. ఇదే చోట, ఇదే కొలతకి, కిటికీతో సహా. వానలు రాకముందే నువ్వు తిరిగి వచ్చేస్తావట. ఇది గట్టిగా చెప్పమన్నాడు, నమ్మకం కలిగేలా చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను. నమ్మకం కలిగేలా చెప్పడం మాత్రం నావల్ల కాలేదు, క్షమించు.

ఎందుకంటే నేను చూశాను పెద్దమ్మా. ఒకచోట సైకిళ్లు బాగుచేసే ఆయన కొట్టు ముందు భాగం కొట్టేసి మా బండి దాటించాం. ఆయనకీ ఇలాగే చెప్పారు, నెల తిరక్కుండా కట్టిస్తామని, నా ఎదురుగానే. చాలాకాలానికి మళ్లీ ఆ దారినే వెళ్లాల్సొచ్చింది. కూలిన గోడ అలాగే ఉంది. దాని మీద టార్పాలిను కప్పుకుని ఆ నీడలోనే ట్యూబులకి పంచరు వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. తిడతాడేమో, కొడితే కొట్టించుకుందాం అనుకుని దిగాను. స్టూలు జరిపి, ఎండన పడి వచ్చావు, టీ తాగి వెళ్లు అన్నాడు.

మీవాడికీ నమ్మకం లేదు. నమ్మినట్టు నటిస్తున్నాడు, నటించకపోతే వాడికి నిద్ర పట్టదు. నీ కుట్టుమిషను పక్కింటివాళ్లకి ఇచ్చేద్దామని కోడలు అంటుంటే విన్నాను. గది తిరిగి కట్టేదుంటే మిషను ఇచ్చెయ్యడం ఎందుకు?

ఇదంతా నీకు చెప్పకూడదు. వాళ్లు నన్ను కూచోబెట్టింది నిన్ను ఒప్పించడానికి, నేను చెప్పేవన్నీ ఒప్పుకోకుండా ఉండటానికి పనికొచ్చే మాటలే. కానీ నీకు అబద్ధం చెప్పి రేపు నిన్ను నా చేతులతో కుర్చీకి ఎలా కట్టను?

అంతే పెద్దమ్మా, అయిపోయింది. ఇక నీ ఇష్టం. రెండు దెబ్బలు కొట్టు. నిజంగా చెప్తున్నాను, కొట్టు. ఆఫీసరు ముందు కూడా గట్టిగా రెండు దెబ్బలు కొట్టు. ఆయనకి అర్థం కాకపోతే నేను చెప్తాను, మా పెద్దమ్మ ఊహూ అంటోంది అని వీధి మొత్తానికి వినపడేలా చెప్తాను. మా ఓనరు నన్ను పనిలోంచి పీకేస్తాడు. పీకెయ్యనీ. మా ఆవిడ... ఆమె సంగతి నేను చూసుకుంటాను. ఏదో ఒకటి జరుగుతుంది. కల్వర్టు బాగుచేస్తారేమో, క్రేను వస్తుందేమో. ఎవరికి తెలుసు?

ఊఁ. తీసుకో చెంచా.

ఒకటి.

రెండోది కొట్టు. చెయ్యి జారిందా? ఇదిగో, చేతిలో పెట్టాను, మళ్లీ కొట్టు.

ఒకటే.

ఒక్కటేనా పెద్దమ్మా? అదేంటమ్మా, నేనింత చెప్పాక కూడానా? కాసేపు ఏడవ్వు, తిట్టవు, ఇంత తేలిగ్గా ఊ అనేస్తావేంటి? ఎవరి కోసం? మీవాడు వీధిలో తల దించుకున్నాడనా? ఊహూనా, అది కాదా. మరి ఆ బిందెలు మోసే ఆడవాళ్ల కోసమా? అదీ కాదా. ఏంటి, నా వైపు చూపిస్తున్నావు? నా కోసమా?

నా కోసం ఎందుకమ్మా. నేనెవణ్ణి నీకు? నీ కిటికీ మూసేసినవాణ్ణి. ఒద్దు, ఆ పాపం నాకు కట్టకు. ఆ చెంచా ఇలా ఇయ్యి, లెక్కలోకి రాదది. మళ్లీ అడుగుతాను, మళ్లీ చెప్పు.

ఒకటి. సరే. విన్నాను. ఇక కొట్టొద్దు, చాలు.

మళ్లీ ఏంటి? వేలు ఎటు చూపిస్తున్నావు? మంచం... నేల... ఈ గది. నువ్వు. అక్కడికి వెళ్లి, మళ్లీ... మళ్లీ ఇక్కడికి వస్తానా అనా అడుగుతున్నావు?

అది నన్నడక్కు పెద్దమ్మా. నాకు తెలిసింది నా బండి సంగతి ఒక్కటే. మా బండ్లు వెళ్లేటప్పుడే బరువుతో వెళ్తాయి. ఇంత పెద్ద సరుకుని ఒకసారి దించి గొలుసులు విప్పాక, దాన్ని వెనక్కి తీసుకురమ్మని నన్ను ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఎప్పుడూ ఖాళీ బండితోనే తిరిగొస్తాను. రేపు కూడా అంతే. నిన్ను జాగ్రత్తగా పైకి ఎక్కించి, బెల్టులు విప్పి, చుట్టుకుని వచ్చేస్తాను. నా పని అంతవరకే.